పేరు పక్కన జాగా

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, మైత్రీవనం వెనక సందులోకి మళ్లేసరికి సగం దించిన షట్టర్ మీద కట్టిన ఫ్లెక్సీ కనిపించింది. ముందు ఫొటో చూశాను, తర్వాత పేరు చూశాను. ఆ వెంటనే, అలాంటప్పుడు రాకూడని ఆలోచన ఒకటి వచ్చింది. ఈ ఫ్లెక్సీ వేసినవాడెవడో గానీ పేరును మధ్యలో పెట్టడం కూడా చేతకాలేదు అనుకున్నాను. పైన 'శ్రద్ధాంజలి' మధ్యలోనే ఉంది. కింద తేదీలూ మధ్యలోనే ఉన్నాయి. పేరు ఒక్కటే ఎడమవైపుకు జరిగిపోయి, కుడిపక్కన జానెడు ఖాళీ మిగిలింది. పాతికేళ్లుగా క్లాసులో బోర్డు మీద రాస్తున్నదాన్ని కదా, కంటికి ముందు అలాంటివే ఆనుతాయి.

నా సంచిలో ఆమె కుట్టిన జాకెట్టు ఉంది. మియాపూర్‌కు మారాక నాకు కాస్త ఒళ్లు వచ్చింది. లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటే సరిపోతుంది, ఆ పని ఇంట్లో నేనే చేసుకోవచ్చు. కానీ తాను వేసిన కుట్టు ఇంకొకరు విప్పితే ఆమెకు కోపం. "నేను ఏసిన కుట్టు నేనే విప్పుత. నువ్వు పోయి పాఠం చెప్పుకో" అనేది. ఆ వంకతో ఒకసారి చూసి పోదామని, ఫోనైనా చెయ్యకుండా వచ్చాను. ఇప్పుడు సందు మధ్యలో నిలబడి, బైకుల వాళ్లు హారన్ కొడుతుంటే పక్కకు జరుగుతూ, ఆ ఫొటోనే చూస్తున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిచినవాళ్లే తక్కువ. కుట్టించుకునేవాళ్లకు అక్క, క్లాసులో పిల్లలకు ఆంటీ. హాజరు పట్టీలో మాత్రం ఇంటిపేరుతో సహా ఉండేది. అది చదివినప్పుడల్లా "ఉన్న మేడం" అని గట్టిగా పలికేది. మిగతా వాళ్లంతా ఎస్ మేడం, ప్రెజెంట్ మేడం అని గొణిగి ఫోన్లలోకి దిగిపోతే, ఆమె 'ఉన్న' అని చెప్పాక తల ఎత్తి, నేను టిక్కు పెట్టానా లేదా అని చూసేది. పెట్టేదాకా కూర్చునేది కాదు.

నేను ఎకనామిక్స్ లెక్చరర్‌ని. వారమంతా ఒక ప్రైవేటు కాలేజీలో చెప్పి, ఆదివారాలు పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఇంకో కాలేజీ భవనంలో దూరవిద్య డిగ్రీ వాళ్లకు చెప్పేదాన్ని. ఆసుపత్రుల్లో డ్యూటీ దిగి వచ్చిన నర్సులు, పార్సిల్ డెలివరీ చేసే కుర్రాళ్లు, పెళ్లయ్యాక చదువు ఆపేసిన అమ్మాయిలు. అందరూ దాన్ని సెంటర్ అనేవాళ్లు. ఆమె ఒక్కతే 'కాలేజి' అనేది. ఎవరైనా సెంటర్ అంటే, "ఏం సెంటర్? బస్సులు ఆగే సెంటరా? ఇది కాలేజి. బెంచీలున్నయి కదా" అని సరిచేసేది.

మొదటి ఆదివారం క్లాసు అయిపోయాక అందరూ వెళ్లేదాకా ఆగి, నా బల్ల దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చీర, పెద్ద బొట్టు, మెడలో పుస్తెలతాడు పక్కనే కొలతల టేపు. తియ్యడం మర్చిపోయి వచ్చినట్టుంది.

"మేడం, గీ ఎకనామిక్స్ మారిందా, గప్పటిదే ఉన్నదా?"

"ఎప్పటిదండీ?"

"నేను తప్పినప్పటిది."

ఎప్పుడు తప్పారని అడిగితే, పెళ్లికి ముందు అంది. డిమాండు, సప్లయి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, ఆ పైన చాలా వచ్చి చేరాయి అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "సరె అయితే. దాని సంగతి చూస్త" అంది. ఎకనామిక్స్ అనే మనిషెవరో ఎదుటి సందులో ఉన్నట్టూ, ఆ మనిషితో తనకు పాత తగాదా ఏదో ఉన్నట్టూ అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

మొదటి బెంచీ, తలుపు పక్కన. అది ఆమె చోటు. ఇంకెవరైనా కూర్చుంటే ఏమీ అనకుండా పక్కనే నిలబడేది, వాళ్లే లేచేవాళ్లు. రాసేటప్పుడు పెన్ను, రాయనప్పుడు పెన్సిలు నోట్లో అడ్డంగా ఉండేది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని మాట్లాడటం అలవాటైన మనిషి. ప్రశ్న అడిగితే ఆ పెన్సిలు తియ్యకుండానే పళ్ల సందుల్లోంచి జవాబు చెప్పేది. సగం అర్థమయ్యేది కాదు. తియ్యండి అంటే తీసి, జవాబు మళ్లీ మొదటినుంచీ చెప్పేది, ఈసారి తప్పు చెప్పేది. "ముందుగాల కరెక్టే చెప్పిన మేడం, నువ్వే తియ్యమన్నవు" అని నా మీదకే తోసేది.

క్లాసులో ఆంటీ అంటే ఒప్పుకునేది కాదు. ఒక డెలివరీ కుర్రాడు, పాపం మంచివాడే, "ఆంటీ, జర జరుగుర్రి" అన్నాడు. "లోపల ఆంటీ లేదు. గేటు బయట ఎన్నిసార్లన్న అను" అంది. ఆ తర్వాత వాడు లోపల ఏమని పిలవాలో తెలియక, మూడేళ్లూ "ఇగో" అని పిలిచాడు. గేటు దాటగానే "ఆంటీ, బస్టాప్ దాక దించాల్నా?" అనేవాడు. ఆమె వాడి బండి వెనక ఎక్కి కూర్చునేది.

ఇంకొకటి. ప్రతి ఆదివారం చంకలో ఒక గుడ్డల మూటతో వచ్చేది. లైనింగ్ గుడ్డకు పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చేదట. ఆ గుడ్డ శనివారమే కొని పెట్టుకునేది. ఆదివారం దాన్ని కాలేజీకి మోసుకొచ్చి, క్లాసంతా బెంచీ కింద పెట్టుకుని, మధ్యాహ్నం మోసుకెళ్లి, ఇదిగో తెచ్చాను అన్నట్టు ఇంట్లో దించేది. అన్ని పాఠాలు విన్నందుకు ఆ లైనింగ్‌కు కూడా డిగ్రీ ఇవ్వాలి అని నేను ఏడిపించేదాన్ని. అది పాసైతది మేడం, దానికి పరీక్ష లేదు కదా, నా సంగతి చెప్పు అనేది.

చదువుకుంటే ఇంట్లో దాచడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు. మొగుడు కొట్టే రకమా, తిట్టే రకమా అని అనుమానపడ్డాను కూడా. జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్తే ఆయన్ని చూశాను. షట్టర్ బయట మెట్టు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదకు దించుకుని, హుక్కులు, కాజాలు కుట్టుకుంటూ ఉండేవాడు. చాలా ఏళ్లు బట్టల షాపుల్లో పనిచేసి, మోకాళ్లు నొప్పి చేశాక భార్య కొట్లోనే సాయంగా కుదురుకున్నాడట. రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడడేమో. నేను వెళ్తే, "మేడం వచ్చింది" అని లోపలికి వినపడేలా చెప్పి మళ్లీ సూదిలో పడిపోయేవాడు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి అసలే కాదు.

కొట్లోకి అడుగుపెడితే అంతా తారుమారయ్యేది. క్లాసులో నేను చెప్పేదాన్ని, ఆమె వినేది. ఇక్కడ ఆమె చెప్పేది, నేను వినాలి. "చేతులు లేపు. ఊపిరి బిగబట్టకు, అందరు టేపు చూడంగనే కడుపు లోపలికి గుంజుతరు. కుట్టినంక ఊపిరి తీసుకోవా ఏంది?" అని మందలించేది. నేను ఫిట్టింగ్ బిగుతుగా ఉండాలంటే, "ఉంటది. గని లోపల జర బట్ట వదులుత. మనిషి ఎప్పటికి ఒక్కతీరుగ ఉంటదా?" అనేది. ఆమె కుట్టిన ప్రతి జాకెట్టుకూ లోపల రెండు మూడు వరసల కుట్టు, ఆ పక్కన మడిచిన బట్ట ఉండేవి. పదేళ్ల తర్వాత విప్పుకున్నా సరిపోయేంత.

కత్తిరింపుల ముక్కలు నింపే గోనె సంచి మిషన్ పక్కన ఉండేది. ఒకరోజు ఆయన చాయ్‌కి పోయినప్పుడు దాంట్లో చెయ్యి పెట్టి, అడుగునుంచి ఎకనామిక్స్ పుస్తకం బయటికి లాగింది. దానికి చమ్కీ దారాలు అంటుకుని ఉన్నాయి.

"ఇందులో పెట్టారేంటండీ?"

"ఇంక యాడ పెట్టాలె? ఇంట్ల అన్నీ ఆయన సదురుతడు. దీనిల ఎవలు చెయ్యి పెట్టరు."

"సంచి నిండాక ఎవరికో ఇచ్చేస్తారు కదా?"

"దిండ్లు కుట్టెటోళ్లు వచ్చి పట్కపోతరు. గని పుస్తకాలు పోలే ఎప్పుడు. కొత్త సంచిల నేనే పెట్టి మర్చిపోతున్న కావొచ్చు. వయసు మేడం." అని, ఇలాస్టిసిటీ పేజీ తీసి, ఇది అసలు ఎందుకు కనిపెట్టారు అని నిలదీసింది.

దాచడానికి కారణం ఆ రోజే చెప్పింది. బహుశా నేను చేతులెత్తి నిలబడి, మధ్యలో లేచిపోలేని స్థితిలో ఉన్నందుకు చెప్పిందేమో.

మన పెళ్లి శుభలేఖల సంగతి తెలిసిందే కదా. వరుడి పేరు పక్కన ఒక చదువు, వధువు పేరు పక్కన ఒక చదువు వేస్తాం. ముహూర్తం కన్నా ముందు అందరి కళ్లూ అక్కడికే పోతాయి.

"మా నాయిన మగ్గం నేసెటోడు. మా వాడకట్టుల ఆడివిల్ల డిగ్రీ దాక పోవుడు నేనే మొదలు. ఆఖరు పరీక్షలు రాసిన. రిజల్ట్ రాకముందే పెండ్లి కుదిరింది. నాయిన ప్రెస్ కాడికి పోయి, నా పేరు పక్కన బి.ఏ. ఏయమన్నడు. నాయినా, ఇంక రిజల్ట్ రాలే కదా అన్న. 'ఇయ్యాల కాకుంటే రేపొస్తది. కార్డు ఆగుతదా?' అన్నడు. ఊరంత పంచిర్రు. అత్తగారి ఊర్ల సుత పంచిర్రు. పెండ్లయి అత్తగారింటికి పోయిన నెలకు రిజల్ట్ వచ్చింది. మా తమ్ముడొచ్చి చెవుల చెప్పి పోయిండు. అన్నీ పాస్, ఎకనామిక్స్ ఒక్కటి పోయింది."

"మళ్లీ రాయొచ్చు కదండీ, ఒక్కటే కదా?"

"రాయాల్నంటే తప్పిన్నని చెప్పాలె కదా మేడం. కార్డు మీద బి.ఏ. అని ఉండె. మా నాయిన అబద్ధం కొట్టించిండు అనరా? మా ఆయన అడిగిండు, రిజల్ట్ ఏమయిందని. పాసైన అన్న. 'మంచిగయింది' అన్నడు. గంతే. పెండ్లయినంక ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం గదే."

ఆ తర్వాత ముప్పై ఏళ్లూ ఆమె ఆ ఇంటి డిగ్రీ కోడలు. ఏ కాగితం వచ్చినా ఆమె చేతికి ఇచ్చేవాళ్లు. అత్తగారు నలుగురిలో చెప్పుకునేదట, మా కోడలు బి.ఏ. అని. "మంచిగనే అంటుండె పాపం. నేనే ఆడికెళ్లి లేచి పోతుంటి" అంది. నాన్న పోయాక, అత్తగారు పోయాక, కొడుకు ఉద్యోగంలో కుదురుకున్నాక, ఆ ఒక్క పేపరూ రాద్దామని యూనివర్సిటీకి వెళ్లిందట. ఆ సిలబస్ లేదు, ఆ రికార్డులతో ఇప్పుడు పరీక్ష కుదరదు, చదవాలంటే మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి అన్నారు.

"మరి మూడేండ్లు చదువుతున్న. ఒక్క పేపరు కోసం" అని, నా నడుం దగ్గర గుండుసూది గుచ్చింది. గట్టిగానే గుచ్చింది.

నేను ఇప్పటికీ చాలామందికి చెబుతాను, చదువు ఉద్యోగానికి, చదువు ప్రమోషన్‌కు అని. అచ్చయిపోయిన మాటను నిజం చెయ్యడానికి చదివిన మనిషిని మాత్రం ఆమెనే చూశాను. ఆ రోజునుంచి ఆమె పాసు కావడం నాకు నా సొంత పనిలాగా అయిపోయింది.

మిగతావన్నీ పడుతూ లేస్తూ గట్టెక్కింది. ఆఖరి సెమిస్టర్‌లో ఎకనామిక్స్ మళ్లీ పోయింది. ఆ ఆదివారం క్లాసుకు వచ్చి, హాజరు చెప్పి, కూర్చుని, బోర్డు కేసి చూస్తూ ఉండిపోయింది. పెన్సిలు నోట్లో లేదు. అందరూ వెళ్లాక అడిగాను, అన్నీ వచ్చన్నారు కదా, ఏమైందని.

"వచ్చినయి మేడం. ప్రతి జవాబు సగం సగం రాసి, కింద జాగ వదిలిన. మళ్ల యాదికొచ్చినకాడికి నింపుదమని. అన్నిటికి మొదలు వెట్టిన. ఇగ నింపుదమనేసరికి బెల్లు కొట్టిర్రు. హాల్ల కాపలా ఉన్న సారు వచ్చి, ఖాళీ ఉన్నకాడల్ల నా ముంగటనే అడ్డంగ గీత కొట్టిండు. ఇది ఖాళీ కాదు సార్, వదిలిపెట్టిన జాగ అని చెప్పిన. ఇనలే."

నాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "పరీక్ష జాకెట్టు కాదండీ, తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి! ఎన్నిసార్లు చెప్పాను, ఒక్కో జవాబు పూర్తి చేసి కదలమని!" అని గట్టిగానే కేకలేశాను. నర్సు ఒకమ్మాయి తలుపు దగ్గర ఆగి చూసింది.

ఆమె నెమ్మదిగా, "మొత్తం బిగిచ్చి రాస్తె, తర్వాత మంచి మాట యాదికొస్తె యాడ రాయాలె?" అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ అది పరీక్షలో పనికొచ్చేది కాదు. ఆ తర్వాత కొట్లోనే సాధన పెట్టాను. పాత ప్రశ్నలు ఇచ్చి, ఒక్కోదానికి అరగంట అన్నాను. గడియారం చూస్తే చెయ్యి ఆగుతుందని, మొగుణ్ని పిలిచి, "అరగంట అయినంక చెప్పు" అనేది. దేనికని ఆయన అడగలేదు. బయటనుంచి "అయింది" అనేవాడు. నేను కొట్లో ఉన్నప్పుడే నాలుగైదు సార్లు విన్నాను ఆ మాట. జాకెట్టు కుట్టడానికి ఎవరైనా అరగంట లెక్క పెట్టుకుంటారా అని నాకు తట్టింది గానీ, ఆ పెద్దమనిషికి అంత ఆలోచన ఉండదులే అనుకున్నాను.

మళ్లీ రాసింది. ఫలితాలు వచ్చిన సాయంత్రం నేనే కొట్టుకు వెళ్లి, ఫోన్లో నంబరు కొట్టి చూశాను. ఆమె ఎవరిదో పట్టు జాకెట్టు మిషన్ మీద కుడుతోంది.

"పాసయ్యారు" అన్నాను.

మిషన్ ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా పోనిచ్చింది. దారం తెంపింది. "ఎకనామిక్స్ల?" అంది.

"ఎకనామిక్స్‌లో కూడా."

"మళ్ల చూడు."

మళ్లీ చూశాను. పాసే. ఆమె కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు. రెండు చేతులూ మిషన్ మీద పెట్టి, షట్టర్ బయట మెట్టు మీద వంగి హుక్కులు కుడుతున్న మనిషి వీపుకేసి చూసింది. చాలా మెల్లగా, నాకే వినపడేటట్టు అంది:

"ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె మేడం? ముప్పై ఏండ్ల కింద పాసైనదాన్ని, ఇయ్యాల మళ్ల పాసైన అని చెప్పాల్నా?"

అప్పుడు నాకు వచ్చినంత దుఃఖం ఈ రోజు ఫ్లెక్సీ చూసినా రాలేదు. అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని చూపించుకోవడానికి ఇంట్లో ఒక్క మనిషి లేడు. అందరి లెక్కలో అది ఎప్పుడో ఆమెకు ఉన్నదే. కొత్తగా ఏం చూపిస్తుంది?

ఇద్దరం పంజాగుట్ట దాకా నడిచాం. ఒక మిఠాయి కొట్లో పావుకిలో కలాకండ్ కొంది. తిరిగి వచ్చి డబ్బా మొగుడి ముందు పెట్టి, "కస్టమర్ బిడ్డ డిగ్రీ పాసైందట. ఇచ్చిర్రు" అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన సూది పక్కన పెట్టి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మంచిగయింది" అన్నాడు.

ఆయనకు షుగర్. అయినా ఇంకో ముక్క తీసుకున్నాడు. ఆమె వద్దనలేదు.

సర్టిఫికెట్టు తెచ్చుకొమ్మని ఎన్నిసార్లు చెప్పానో. "తెచ్చి యాడ పెట్టాలె? ముక్కల సంచిలనా? ఆన్నే ఉండనియ్యి, యూనివర్సిటి యాడికి పోదు" అనేది. నేను మియాపూర్‌కు మారిపోయాను. రాకపోకలు తగ్గాయి. ఇదిగో, ఇప్పుడు ఈ సందులో నిలబడ్డాను.

షట్టర్ కింద వంగి లోపలికి వెళ్లాను. మిషన్ మీద పాత చీర కప్పి ఉంది. ఆయన ఆమె స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి, "మేడం వచ్చింది" అన్నాడు ఆయన, అలవాటుగా, లోపలికి వినపడేలా. ఆ తర్వాత తల దించుకున్నాడు.

ఛాతీలో నొప్పంటే ఆసుపత్రికి బయలుదేరామని, దారిలోనే పోయిందని కొడుకు చెప్పాడు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు మనిషి నోటికి పనికిమాలిన మాటలే వస్తాయి. నేనూ అదే చేశాను.

"ఫ్లెక్సీలో పేరు పక్కకు జరిగిపోయిందండీ. చెప్పి సరిచేయించండి."

"జరగలే మేడం. నేనే జాగ వదలమన్న" అన్నాడు ఆయన. కొడుకు వైపు తిరిగి, "మేడంకు చాయ్ పట్కరా పో" అన్నాడు. కొడుకు వెళ్లేదాకా ఆగాడు.

"మా పిలగాడు పేరు పక్కన బి.ఏ. ఏపిస్త అన్నడు. నేను వద్దన్న. అమ్మ బి.ఏ. కదా, ఎందుకు వద్దంటవని నాతోని కొట్లాడిండు. వానికేం తెలుసు?" కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా పెండ్లయిన కొత్తల రిజల్ట్లు పేపర్ల నంబర్లు ఏస్తుండె. ఆమె హాల్ టికెట్ పెట్టెల చూసి నంబరు రాసుకున్న. పొద్దుగాల్నే బస్టాండుకు పోయి, అందరికన్న ముందు పేపర్ కొన్న. మొదటినుంచి ఆఖరుదాక చూసిన. లేదు. ఆ పేపర్ ఆన్నే పడేసి ఇంటికొచ్చిన. తర్వాత పాసైన అన్నది. మంచిగయింది అన్న. ఇంకేమంట? కొత్త పెండ్లికూతురు, భయపడ్డది."

ఇంకో స్టూలు కనిపించక, నేను కింద చాప మీద కూర్చున్నాను.

"ఆదివారం కాలేజికి పోతుండె. లైనింగ్‌కు అనేది. ఆదివారం హోల్‌సేల్ దుకాణాలు బందుంటయి. ఎన్నేండ్లు షాపుల్ల పనిచేసిన, నాకు తెల్వదా? పుస్తకాలు గా ముక్కల సంచిల పెట్టేది. సంచి ఇచ్చేటప్పుడు నేనే తీసి కొత్తదాంట్ల పెడుతుంటి. గా ఎకనామిక్స్ పుస్తకమే మస్తు నలిగింది."

"మరి ఒక్కసారైనా అడగలేదేంటండీ, అన్నయ్య గారూ?"

"అడిగితె, గప్పుడు అబద్ధం చెప్పిన్నని ఆమె ఒప్పుకోవాలె కదా. పాసైనంక తనే చెప్తదని చూసిన. చెప్పలే. మిఠాయి తెచ్చిన రోజు అనుమానమొచ్చింది. గని అనుమానం మీద ఎట్ల ఏపిస్త మేడం? ఒక్కసారి కానిదాన్ని అచ్చేసినందుకే ఆమె ముప్పై ఏండ్లు పరేషానయింది. మళ్ల గదే పని నేను చెయ్యాల్నా? అందుకే పేరు పక్కన జాగ వదలమన్న. తెలిసినోళ్లు ఎవలన్న వస్తరని."

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నావైపు చూశాడు. పరీక్ష రాసినవాళ్లు చూసే చూపు నాకు బాగా తెలుసు.

"పాసైందా మేడం?"

"పాసయ్యారు."

"ఎకనామిక్స్ల సుత?"

"ఎకనామిక్స్‌లో కూడా అన్నయ్య గారూ. నేనే చూశాను. రెండుసార్లు చూశాను."

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. మిషన్ మీద చీర కొస జారితే సర్ది, దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు. నేను ఏడుస్తున్నాను, దాచుకోవాలనిపించలేదు. కొడుకు చాయ్ గ్లాసులతో షట్టర్ కింద వంగి లోపలికి వచ్చాడు.

"బిడ్డా, నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాడు ఆయన. "గా ఫ్లెక్సీ ఆయనకు ఫోన్ చెయ్. అమ్మ పేరు పక్కన బి.ఏ. అని ఏయమను. జాగ సరిపోతది."